వాన లేని ఏడు మనోవర్తి ఎంత?

రాయదుర్గం నుంచి అనంతపురం పోయే తొలి బస్సులో వాయిదాలకు పోయే ఆడవాళ్లను ఇట్టే గుర్తుపడతాను. ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పెళ్లిఫోటో, రేషన్ కార్డు జిరాక్సు, పిల్లల బడి కాగితాలు, మడతల దగ్గర చిరిగిన పాత నోటీసు. పక్కన అన్నో, మేనమామో ఉంటాడు. కవరు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వరు. ఆ జిల్లా కోర్టుల్లో చాలా ఏళ్లు ఇలాంటి కవర్లు విప్పి చూడడమే నా పని. మనోవర్తి, విడాకులు, పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న తగువులు. సీనియర్లు వీటిని ‘ఆడోళ్ల కేసులు’ అనేవాళ్లు. అసలైన వకీలు చేసేది భూమి దావాలు. మా ఆడోళ్ల కేసులు కూడా భూమి దావాలేనని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

తెలిసేలా చేసింది ఒక భర్త. ఒక కోర్టులో బోనెక్కి, "వాన లేదు సార్. చేనంతా ఎండిపాయ. యాడి నుంచి తెచ్చియ్యాల?" అన్నాడు. అబద్ధం కాదు, ఆ ఏడు నిజంగానే వాన లేదు. రాస్తున్న కలం ఒక్క క్షణం ఆగింది. ఆ ఎండిన చేనిలోనే పదేళ్లకు పైగా కలుపు తీసి, చెట్టు పీకి, కాయ ఒలిచిన మనిషి కూడా అక్కడే గోడకానుకొని నిలబడి ఉంది. ఆ చేను గురించి ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె లాయర్ని, నేనూ అడగలేదు.

ఆ సిగ్గుతోనే ఈ చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోతే హగరి ఒడ్డున గాలికి లేచిన ఇసుక పొలాల మీద మేటలు వేసి కనిపిస్తుంది. వేరుశనగ వేస్తే పండిన ఏడు పండుతుంది, లేని ఏడు విత్తనం కూడా తిరిగి రాదు. సంసారం అంటే ఇక్కడ చేను, అప్పు, బెంగళూరు వలస. రాయదుర్గం పట్నంలో అయితే జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్లు. ఇలాంటి చోట మొగుడూ పెళ్లాం విడిపోతే పంచుకోవడానికి ఏముంటుందని అడిగేవాళ్లున్నారు. ఏమీ లేకపోతే ఇన్నేళ్లుగా ఇంతమంది కోర్టుల చుట్టూ దేనికోసం తిరుగుతున్నట్టు?

మా అవ్వ కాలంలో కోర్టు లేదు, రచ్చకట్ట ఉండేది. మా వైపు కష్టం చేసుకుని బతికే కులాల్లో అప్పట్లో కట్నం లేదు, ఓలి ఉండేది. మగపిల్లవాడి వాళ్లు ఆడపిల్ల పుట్టింటికి ఇచ్చే సొమ్ము అది. ఆడమనిషి కాపురం వద్దనుకుంటే కులపెద్దల ముందు ఓలి, పెళ్లిఖర్చు తిరిగి కట్టి, పెట్టిన నగ తీసిచ్చి బయటికి రావచ్చు. చాలాసార్లు ఆ డబ్బు మారుమనువు చేసుకోబోయేవాడు కట్టేవాడు. 1909లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాల మీద అచ్చువేసిన ఏడు సంపుటాల్లో ఇలాంటి ఆచారాలు కులం తర్వాత కులంలో కనిపిస్తాయి. విడాకు అన్న మాటలోనే ఆకు ఉంది కదా. అది తాటాకో, తమలపాకో పండితులు తేల్చుకోవాలి. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కూడా ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను కొట్టేయలేదు.

దీన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు భయం. శాస్త్రోక్తంగా పెళ్లాడిన పై కులాల స్త్రీకి లేని తలుపు బోయ, కురుబ స్త్రీలకు ఉండేది, నిజమే. కానీ ఆ తలుపు దగ్గర సుంకం ఉంది. విడాకుల లెక్కలో డబ్బు భార్య నుంచి భర్తకు పోయేది. ఆమె అతని చేలో చేసిన ఏళ్ల చాకిరీ ఆ లెక్కలో ఎక్కడా తగ్గింపుగా కూడా రాలేదు. ఇక పిల్లలా? "పాలు మరిచినాక బిడ్డలు తండ్రి ఇంటికేనే. కడుపు మనది, గోత్రం వాళ్లది" అనేది అవ్వ. అంత మామూలుగా అనేది!

బ్రిటిష్ వాళ్ల చట్టం ఈ డబ్బు దిక్కు మార్చింది. భర్త నుంచి భార్యకు. కాకపోతే ఆ సాయం వచ్చిన దారి చూడండి. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ కింద, ఆస్తి ఉండి కూడా భార్యాబిడ్డలను పోషించని మగవాడికి మేజిస్ట్రేటు నెలకు ఇంత కట్టమని ఆర్డరు వేయవచ్చు. గరిష్ఠం 50 రూపాయలు. అది కుటుంబ చట్టం కాదు, నేరవిచారణ చట్టం. వదిలేసిన ఆడవాళ్లు దిక్కులేక వీధిన పడితే శాంతిభద్రతలకు ఇబ్బంది అన్నది దాని వెనకున్న ఆలోచన. 1872 కోడ్ రాసిన ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దృష్టిలో ఈ ఏర్పాటు దేశదిమ్మరితనాన్ని అరికట్టే ఉపాయమే. అంటే మన అవ్వలు ఆ గుమ్మం ఎక్కింది హక్కుదారులుగా కాదు, రేపు బిచ్చమెత్తబోయేవాళ్లుగా. 50 రూపాయలు 1923లో 100 అయ్యాయి, 1955లో 500. ఆ 500 అనే అంకె కేంద్ర చట్టంలో 1973 కొత్త కోడ్ 125వ సెక్షన్లోకి కూడా అట్లాగే నడిచివచ్చి, 2001 సవరణ దాకా కదల్లేదు. 46 ఏళ్లు! బియ్యం, బస్సు చార్జీ, వకీలు ఫీజు అన్నీ పెరిగాయి.

రాయదుర్గానికి ఇంకొక చిక్కుంది. 1953 అక్టోబరు 1 దాకా ఈ తాలూకా బళ్లారి జిల్లాలోది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. సరిహద్దు గీత మ్యాపులో పడింది, పెళ్లిళ్లలో పడలేదు. ఇప్పటికీ పిల్లనిచ్చేది బళ్లారికి, మొలకాల్మూరుకు, చళ్లకెరెకు. పాత 488 కింద అర్జీ పెట్టాలంటే భర్త ఉన్నచోటో, ఇద్దరూ చివరగా కాపురమున్న చోటో పెట్టాలి. తన్నులు తిని రాయదుర్గం పుట్టింటికి చేరిన మనిషి మళ్లీ అతని ఊరికే, ఇంకో రాష్ట్రానికి పోయి వాయిదాలు తిరగాలి. 1973 కోడ్ 126వ సెక్షన్ వచ్చాకే భార్య నివాసమున్న చోట అర్జీ పెట్టే వీలు కలిగింది. విడాకుల పిటిషన్‌కు ఆ వీలు మరీ ఆలస్యంగా, 2003లో వచ్చింది. ఏ కోర్టుకు పోవాలన్నది చదువుకున్నవాళ్లకు సాంకేతిక విషయం. పగటి కూలి పోగొట్టుకుని చంటిబిడ్డతో రెండు బస్సులు మారే మనిషికి కేసు గెలుపోటములు సగం అక్కడే తేలిపోతాయి.

ఏ కోర్టుకు పోవాలన్న తగువుతోనే మన సీమలో ఒక గొప్ప తీర్పు పుట్టింది. 1975 డిసెంబరులో తిరుపతిలో పదహారేళ్ల బడిపిల్ల సరితకు వెంకటసుబ్బయ్యతో పెళ్లయింది. కొద్దికాలానికే విడిపోయారు. ఆమె సినిమా నటి అయింది. భార్య కాపురానికి రావాలంటూ ఆయన కడప సబ్ కోర్టులో 9వ సెక్షన్ కింద పిటిషన్ వేశాడు. ఆ కోర్టుకు ఈ కేసు వినే అధికారం లేదని ఆమె హైకోర్టుకు వెళితే, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి అసలు 9వ సెక్షనే రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. స్త్రీ శరీరం మీద నిర్ణయం రాజ్యానిది కాదు, ఆమెదేనన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు సరోజ్‌రాణి కేసులో ఆ సెక్షన్‌ను మళ్లీ బతికించింది. ఈ తీర్పు గురించి మన పత్రికల్లో రాసినవాళ్లు శరీరం గురించే రాశారు, రాయాల్సిందే. నేను చూసింది మరొకటి. తాలూకా కోర్టుల్లో 9వ సెక్షన్‌కు అసలు ఉపయోగం డబ్బు దగ్గర. భార్య మనోవర్తి వేయగానే భర్త ‘కాపురానికి రమ్మంటున్నాను, తనే రావడం లేదు’ అని పిటిషన్ పడేస్తాడు. సరైన కారణం లేకుండా భర్త దగ్గర ఉండనన్న భార్యకు మనోవర్తి లేదని చట్టంలో ఉంది కదా! కాపురానికి రమ్మన్న డిక్రీ ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదని, ఆమె రాకపోవడానికి కారణం చూడాలని సుప్రీంకోర్టు రీనాకుమారి కేసులో చెప్పింది 2025 జనవరిలో.

మనోవర్తిని దయ నుంచి హక్కుగా మార్చిన కేసు కూడా తెలుగు పల్లె నుంచే పోయింది. నెల్లూరు మున్సిఫ్ కోర్టుకు 1944లో వడ్డెబోయిన తులశమ్మ వచ్చింది. భర్త 1931లో పోయాడు. ఆస్తి ఉమ్మడి, అది సవతి బావ/మరిది వరస శేషారెడ్డి చేతిలో ఉంది. కోర్టు ఫీజు కట్టలేని పేదరాలిగా ఆమె మనోవర్తి కోసం అర్జీ పెట్టుకుంది. 1946లో డిక్రీ అయింది. డిక్రీ అంటే కాగితం, వసూలు వేరే యుద్ధం. చివరికి 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమె బతికున్నంతకాలం అనుభవించవచ్చు, అమ్మే హక్కు మాత్రం లేదు. ఆమె 1961లో అందులో కొంత అమ్మేసింది. ఏ అవసరానికి అమ్మిందో లా రిపోర్టులు చెప్పవు, అవి అటువంటివి పట్టించుకోవు. శేషారెడ్డి ఆ ఏడే దావా వేశాడు. మున్సిఫ్ కోర్టులో ఆయన, జిల్లా కోర్టులో ఆమె, హైకోర్టులో మళ్లీ ఆయన గెలిచారు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి, జస్టిస్ గుప్తా, జస్టిస్ ఫజల్ అలీల బెంచి ఆమె పక్షాన తీర్పు చెప్పింది.

ఆ తీర్పు తర్కం మనకు ముఖ్యం. 1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్లో రెండు భాగాలున్నాయి. హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ యజమాని అంటుంది మొదటిది. దస్తావేజులో షరతు పెట్టి ఇచ్చిన ఆస్తికి ఆ షరతే వర్తిస్తుంది అంటుంది రెండోది. రాజీ కాగితంలో షరతు ఉంది కాబట్టి తులశమ్మది రెండోది అన్నారు ఎదుటివాళ్లు. కాదంది కోర్టు. ఆ ఆస్తి ఆమెకు ఎవరో కొత్తగా దానం చేసింది కాదు, అంతకుముందే ఆమెకున్న మనోవర్తి హక్కుకు బదులుగా వచ్చింది. హక్కుకు బదులుగా వచ్చింది హక్కే అవుతుంది, షరతు పోతుంది. ఈ చిన్న మాట ఆనాటి నుంచి దేశంలో ఎంతమంది వితంతువులకు పొలం మిగిల్చిందో లెక్కలేదు.

అయితే గమనించండి, ఈ తర్కం వితంతువు దగ్గర ఆగిపోయింది. భర్త పోతే ఆమెకు వాటా ఉంది, భర్త బతికుండి వదిలేస్తే లేదు. విడాకుల్లో ఆస్తి పంపకం అన్నది మన చట్టంలో ఈరోజుకీ లేదు. 2010 వివాహ చట్టాల సవరణ బిల్లులో భర్త ఆస్తిలో భార్యకు భాగం అన్న మాట వచ్చింది. 2013లో రాజ్యసభ దాటింది, 2014లో లోక్‌సభ గడువుతో పాటు మురిగిపోయింది. ఇంగ్లండులో సోమర్‌సెట్ రైతు దంపతులు వైట్‌ల కేసు 2000లో ప్రభువుల సభ దాకా పోయింది. ఇద్దరూ కలిసి ముప్ఫై ఏళ్లకు పైగా పాడీ పంటా చేశారు. సంపాదించినవాడికీ ఇల్లు చూసుకున్నామెకూ మధ్య తేడా చూపకూడదు, పంపకాన్ని సమానత్వమనే కొలబద్దతో సరిచూసుకోవాలి అన్నారు అక్కడి న్యాయమూర్తులు. అక్కడి బారిస్టర్లకు విడాకుల లెక్కలు ఒక ప్రత్యేక వృత్తి. ఇక్కడ నా సీనియర్లకు అది జూనియర్ ఆడపిల్లకు పడేసే ఫైలు.

పిల్లల తగువుల చరిత్రలో నన్ను చాలాకాలం వెంటాడిన కేసు ఒకటుంది. అదీ సీమదే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందనూ 1910లో తండ్రి నారాయణయ్య ఒక ఉత్తరం రాసి అనిబిసెంటు సంరక్షణకు అప్పగించాడు. తల్లి సంజీవమ్మ 1905లోనే చనిపోయింది. 1912లో నారాయణయ్య మనసు మార్చుకుని పిల్లల కోసం దావా వేశాడు. ఆయన తరఫున సి.పి. రామస్వామి అయ్యరు. బిసెంటు తన కేసు తానే వాదించుకుంది. స్త్రీలు వకీళ్లు కావడానికి దేశమంతటా అడ్డు తొలగింది 1923 చట్టంతో. అంటే దానికి పదేళ్ల ముందు ఒక ఆడమనిషి గొంతు మద్రాసు హైకోర్టులో పిల్లల కేసు వాదించగలిగింది తనే కక్షిదారు కాబట్టి. హైకోర్టులో ఆమె ఓడిపోయింది. తండ్రి సంరక్షకత్వం పవిత్ర బాధ్యత, ఒకసారి ఇచ్చినా వెనక్కి తీసుకోగలడు అన్నారు. 1914లో ప్రివీ కౌన్సిల్ ఆ ఆర్డరును కొట్టేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉండగా ఇక్కడి కోర్టు అలా ఆజ్ఞ వేయలేదని, ఆ పిల్లల ఇష్టాన్ని ఎవరూ కనుక్కోలేదని అభ్యంతరం చెప్పింది.

ఇదే బిసెంటు 1878లో లండన్‌లో సొంత కూతురు మాబెల్‌ను పోగొట్టుకుంది. నాస్తికురాలు, కుటుంబ నియంత్రణ పుస్తకం అచ్చువేసిన మనిషి, ఇలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల ఉండరాదని కోర్టు ఆ పిల్లను భర్తకు ఇప్పించింది. తల్లిగా ఓడిపోయిన చోట, 35 ఏళ్ల తర్వాత వేరొకరి బిడ్డలకు తండ్రి రాసిన ఉత్తరం పట్టుకుని నిలబడింది. ఆమె మీద నాకు కోపమూ ఉంది, జాలీ ఉంది. బతికుంటే సంజీవమ్మను ఆ కోర్టులో ఎవరైనా పిలిచేవారా? ఉత్తరం మీద ఆమె సంతకం అడిగేవారా? 1956 మైనారిటీ చట్టం కూడా సహజ సంరక్షకుడు తండ్రి, ‘ఆ తర్వాత’ తల్లి అనే అంది. ఐదేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి దగ్గర ఉంచాలంది. చాకిరీ ఉన్న వయసు తల్లిది, సంతకం ఉన్న వయసు తండ్రిది! రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేర బాండ్లకు దరఖాస్తు పెడితే తండ్రి సంతకం అడిగారు. ఆమె కోర్టుకెక్కాకే, 1999లో, ‘తర్వాత’ అంటే ‘తండ్రి చనిపోయాక’ అని కాదని, ‘తండ్రి పట్టించుకోనప్పుడు’ కూడా అని సుప్రీంకోర్టు అర్థం చెప్పింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లి వచ్చాక కుటుంబ తగువులకు వేరే కోర్టులుండాలని నెహ్రూతోనూ, జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్‌లతోనూ మాట్లాడింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసిన పిల్ల, పెద్దయ్యాక ఆ కాపురం వద్దన్న పిల్ల ఆమె. ఆ మాట ఊరికే పుట్టలేదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. వకీళ్లను హక్కుగా రానివ్వని కోర్టు, రాజీ ముందు, తీర్పు తర్వాత. నా అనుభవంలో రాజీ అంటే చాలాసార్లు ‘సర్దుకుపో తల్లీ’ అని మర్యాదగా చెప్పడం.

మళ్లీ ఆ ఎండిన చేనికి వస్తాను. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి తగువులో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్లు వేయాలని, అర్జీ పెట్టిన నాటి నుంచే మనోవర్తి లెక్కకట్టాలని ఆదేశించింది. వ్యవసాయం చేసేవాళ్లకు వేరే నమూనా ఇచ్చింది. భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏ పంటలు, పశువులు ఎన్ని, కౌలుకు ఇచ్చారా తీసుకున్నారా, గడిచిన మూడేళ్ల ఆదాయం ఎంత అని అందులో గడులున్నాయి. మొదటిసారి ఆ కాగితం చేతిలోకి వచ్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. చేను కోర్టులోకి వచ్చింది! తర్వాత మూడేళ్ల ఆదాయం అన్న గడి దగ్గర కరువు వచ్చి కూర్చుంది. మూడేళ్లూ సున్నా.

అయినా అడగడం నేర్చుకున్నాను. వాన పడలేదు సరే, ఇన్‌పుట్ సబ్సిడీ పడిందా? పంటల బీమా పడిందా? పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 ఎవరి ఖాతాలో పడుతోంది? బోరు ఎవరి నగ కుదువపెట్టి వేశారు? కరువు పేరిట ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఎక్కువగా పట్టాదారు పాసు పుస్తకంలో పేరున్నవాడికే పోతుంది. కరువుకు కూడా భర్తే పట్టాదారు. ఈ ప్రశ్నలకు బ్యాంకు కాగితాలు సాక్ష్యం చెప్తాయి. సున్నా అన్నవాడు నీళ్లు నమలడం కొన్నిసార్లు కళ్లారా చూశాను.

కాగితాలు రెండు వైపులా కోస్తాయి. రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టే ఒకామె పిల్లవాడి ఎక్కాల పుస్తకం వెనక పేజీల్లో రోజుకు ఎన్ని పీసులు కుట్టిందో రాసుకునేది, సేటు కూలీ ఎగ్గొట్టకుండా. నేనే తెమ్మన్నాను, బతుకు ఎంత ఇరుకో చూపిద్దామని. ఎదుటి వకీలు ఆ పుస్తకాన్నే పట్టుకుని, చూడండి, ఈమెకు ఆదాయముంది అన్నాడు. ఆయన కక్షిదారుకు ఆరెకరాలున్నా ఆదాయం లేదు. ఈమెకు ఒక కుట్టుమిషనుంటే ఆదాయం ఉంది. కొంత సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదన్న పై కోర్టు తీర్పులు చూపించాను. చివరికి ఆర్డరైంది, అడిగినదానిలో సగం కంటే తక్కువ. పిల్లవాడు తల్లి దగ్గరే.

నాలుగు నెలలు కట్టాడు. తర్వాత బెంగళూరు పోయాడు. బకాయిలకు వారెంటు అడగాలంటే అవి కట్టాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు అర్జీ పెట్టాలి. 125లోని ఆ షరతు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్లోనూ అలాగే ఉంది. మొదటిసారి ఆమెకు ఆ సంగతి తెలియక కొన్ని నెలల డబ్బు పోయింది. ఇప్పుడు తెలుసు. ఎక్కాల పుస్తకంలో పీసుల లెక్క పక్కనే రానీ నెలలకు గీతలు గీస్తుంది. పదకొండు గీతలు కాగానే తొలి బస్సు ఎక్కుతుంది. "వచ్చినానమ్మా" అని కవరు బల్ల మీద పెడుతుంది.